నడకా? పరుగా? గుండెకు ఏది మేలు, నడుము చుట్టుకొలతకు ఏది మందు



తెల్లవారుజామున పాలకుర్తి నుంచి జనగామ వైపు, తొర్రూరు వైపు పోయే రోడ్ల మీద రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఒకరు పోలీసు ఉద్యోగాల కోసం పరుగు తీసే యువకులు. 2022 నోటిఫికేషన్ ప్రకారం కానిస్టేబుల్, ఎస్సై అభ్యర్థుల్లో మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. అందుకే వాళ్లు ఊపిరి అందనంత వేగంగా పరిగెత్తి, కొంచెం నడిచి, మళ్లీ పరుగు అందుకుంటారు. రెండో రకం వాళ్లు నలభై దాటినవారు. షుగరో బీపీనో వచ్చిందని డాక్టరు చెప్పాక ఇద్దరు ముగ్గురు కలిసి మాట్లాడుకుంటూ నడిచేవారు.

ఈ మధ్య రెండో వరుసలోని వారికి ఒక సందేహం పట్టుకుంది. "నడిస్తే ఏమొస్తుంది? పది నిమిషాలు గట్టిగా పరిగెత్తితే గంట నడకతో సమానమట కదా, కొవ్వు తొందరగా కరుగుతుందట కదా" అని ఫోన్లలో వీడియోలు చూసి అడుగుతున్నారు. ఇంకొందరిది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన భయం. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే, 2022 ఫిబ్రవరి 21న ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 50 ఏళ్లకే గుండె సమస్యతో కన్నుమూశారు. ఇద్దరూ శరీర దారుఢ్యంపై శ్రద్ధ ఉన్నవారే. అప్పటి నుంచి "కసరత్తు చేస్తేనే గుండె ఆగుతుందేమో" అనే మాట మన ఇళ్లలోనూ వినిపిస్తోంది.

ఈ ఆశలో ఎంత నిజముంది, ఈ భయంలో ఎంత నిజముంది అన్నది పరిశీలించడానికే ఈ వ్యాసం. దేశ విదేశాల్లో జరిగిన పరిశోధనలు చెప్పినదాన్ని మన ఊరి బతుకుకు అన్వయించి వివరిస్తాం. మీ డాక్టరు ఇచ్చే సలహాకు ఇది బదులు కాదని ముందే మనవి చేస్తున్నాం.

రెండు రకాల శ్రమ అంటే ఏమిటి?

గుండె, ఊపిరితిత్తులు ఎక్కువగా పనిచేసేలా చేసే వ్యాయామాన్ని కార్డియో అంటారు. నడక, పరుగు, సైకిల్, ఈత, మెట్లెక్కడం అన్నీ ఇందులోకే వస్తాయి. శ్రమ తీవ్రతను బట్టి దీన్ని రెండుగా చూడవచ్చు.

మొదటిది మోస్తరు వ్యాయామం. వేగంగా నడవడం, చదునైన దారిలో సైకిల్ తొక్కడం లాంటివి. ఆగకుండా అరగంటో ముప్పావు గంటో చేయగలం. రెండోది తీవ్ర వ్యాయామం. దీన్ని ఎవరూ ఎక్కువసేపు చేయలేరు కాబట్టి కొద్దిసేపు గట్టిగా, కొద్దిసేపు నెమ్మదిగా, మళ్లీ గట్టిగా అని విడతలుగా చేస్తారు. జిమ్‌లలో "హిట్" అని పిలిచేది ఇదే. పోలీసు ఈవెంట్స్ కోసం మన పిల్లలు చేసే సాధన కూడా దాదాపు ఇలాంటిదే.

దేన్ని మోస్తరు అనాలి, దేన్ని తీవ్రం అనాలి? సులువైన పరీక్ష ఒకటుంది. నడుస్తూ పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. అది మోస్తరు శ్రమ. రెండు మూడు మాటలకే ఊపిరి కోసం ఆగాల్సి వస్తే అది తీవ్ర శ్రమ. పాట కూడా హాయిగా పాడగలిగితే అది షికారే తప్ప వ్యాయామం కింద లెక్కకు రాదు.

నాడి లెక్క తెలుసుకోవాలనుకునేవారు 220లో నుంచి వయసును తీసివేయాలి. యాభై ఏళ్ల మనిషికి 170 వస్తుంది. నిమిషానికి గుండె కొట్టుకోగల గరిష్ఠ సంఖ్యకు అది ఒక అంచనా. అందులో 64 నుంచి 76 శాతం, అంటే సుమారు 109 నుంచి 129 వరకు మోస్తరు శ్రమ. దాన్ని దాటితే తీవ్ర శ్రమ. అయితే అటెనలాల్, మెటోప్రొలాల్ వంటి బీపీ మాత్రలు వేసుకునేవారికి ఈ లెక్క పనికిరాదు. ఆ మందులు నాడి వేగాన్ని తగ్గించి ఉంచుతాయి. వారికి మాట పరీక్షే నమ్మకమైనది.

గుండెకు ఏది మేలు?

వ్యాయామానికీ గుండెకూ ఉన్న సంబంధాన్ని లోకానికి మొదట గట్టిగా చూపింది బస్సు కండక్టర్లు. 1953లో డాక్టర్ జెరెమీ మోరిస్ లండన్ రవాణా సంస్థ ఉద్యోగులు సుమారు 31 వేల మందిపై చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. రోజంతా కూర్చుని బండి నడిపే డ్రైవర్ల కంటే, డబుల్ డెక్కర్ బస్సులో టికెట్ల కోసం మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చింది. వాళ్లెవరూ పరుగు పందేలు తీయలేదు, జిమ్‌కు పోలేదు. రోజూ చేసే పనిలోని మోస్తరు శ్రమే వాళ్ల గుండెను కాపాడింది.

తీవ్ర శ్రమ వైపు చూపు తిప్పిన పరిశోధనల్లో ముఖ్యమైనవి నార్వే దేశంలోని ట్రాండ్‌హైమ్ నగరం నుంచి వచ్చాయి. 2007లో అక్కడి వైద్యులు గుండె బలహీనపడిన 27 మంది వృద్ధులను మూడు గుంపులుగా చేశారు. ఒక గుంపు నాలుగు నిమిషాలు గట్టిగా, తర్వాత కొన్ని నిమిషాలు నెమ్మదిగా, ఇలా నాలుగు విడతలు నడిచింది. రెండో గుంపు ఒకే తీరుగా మోస్తరు వేగంతో నడిచింది. మూడో గుంపుకు మామూలు సలహాలు మాత్రమే ఇచ్చారు. 12 వారాల తర్వాత శరీరం ప్రాణవాయువును వాడుకునే శక్తి మోస్తరు గుంపులో 14 శాతం పెరిగితే, తీవ్ర గుంపులో 46 శాతం పెరిగింది. గట్టిగా శ్రమించినప్పుడు గుండె ఎడమ గది నిండుగా సాగి, ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తాన్ని తోస్తుంది. ఆ అలవాటు గుండె కండరాన్ని బలపరుస్తుంది. ఈ ఫలితంతో "గట్టిగా చేసిందే గొప్ప" అనే మాట లోకమంతా పాకింది.

అయితే 27 మంది మీద తేలింది వందల మంది మీద కూడా నిలబడాలి. 2017లో యూరప్‌లోని తొమ్మిది కేంద్రాల్లో 261 మంది గుండె బలహీనత రోగులపై అదే పోలిక మళ్లీ చేశారు. ఈసారి తీవ్ర వ్యాయామం మోస్తరు కంటే మెరుగని తేలలేదు. కారణం వెతికితే ఆసక్తికరమైన సంగతి బయటపడింది. తీవ్ర గుంపులో సగం మంది చెప్పినంత గట్టిగా చేయలేకపోయారు. మోస్తరు గుంపులో నూటికి 80 మంది చెప్పినదానికంటే గట్టిగా చేశారు. కాగితం మీద రాసిచ్చిన వేగం ఒకటి, మనిషి కాళ్లు ఎంచుకున్న వేగం మరొకటి.

2020లో అదే ట్రాండ్‌హైమ్ నుంచి ఇంకా పెద్ద అధ్యయనం వచ్చింది. 70 నుంచి 77 ఏళ్ల మధ్య ఉన్న 1567 మందిని ఐదేళ్లపాటు గమనించారు. ఆ ఐదేళ్లలో తీవ్ర వ్యాయామం చేసిన గుంపులో నూటికి 3 మంది, మోస్తరు గుంపులో దాదాపు 6 మంది, దేశంలో అందరికీ ఇచ్చే సలహా ప్రకారం తమంతట తాము వ్యాయామం చేసుకున్న గుంపులో దాదాపు 5 మంది చనిపోయారు. తీవ్ర గుంపు కొంచెం ముందున్నట్టు కనిపించినా, ఈ తేడా యాదృచ్ఛికం కావచ్చునని పరిశోధకులే స్పష్టం చేశారు.

వీటన్నిటినీ కలిపి చూస్తే మేము గ్రహించింది ఇది. శరీర దారుఢ్యం తొందరగా పెరగడానికి తీవ్ర వ్యాయామానిదే పైచేయి. ప్రాణాన్ని కాపాడే విషయంలో మాత్రం రెండింటి మధ్య దూరం చాలా తక్కువ. అసలు దూరం కదిలే మనిషికీ కదలని మనిషికీ మధ్యే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా కూడా ఈ రెండింటినీ సమానంగానే చూస్తుంది. పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ, లేదంటే 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ చాలు. రెండూ కలిపి చేసినా మంచిదే. దీనికి తోడు వారానికి రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే పని ఉండాలి.

కొవ్వు తగ్గడానికి ఏది మంచిది?

వీడియోల్లో ఎక్కువగా అమ్ముడుపోయే ఆశ ఇదే. "తీవ్ర వ్యాయామం చేస్తే ఆ తర్వాత కూడా గంటలకొద్దీ కొవ్వు కరుగుతూనే ఉంటుంది" అంటారు. ఇందులో పిసరంత నిజం ఉంది. వ్యాయామం ఆపాక శరీరం కుదుటపడడానికి కొంత అదనపు శక్తి ఖర్చవుతుంది. కానీ అది వ్యాయామంలో ఖర్చయిన దానిలో 15 శాతం లోపే. రెండు వందల క్యాలరీలు ఖర్చు చేసినవారికి అదనంగా వచ్చేది ముప్పై క్యాలరీలు. అంటే చక్కెర వేసిన చిన్న కప్పు చాయ్‌కు కూడా చాలదు.

2017లో పరిశోధకులు అధిక బరువు ఉన్నవారిపై జరిగిన 13 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. తీవ్ర వ్యాయామం, మోస్తరు వ్యాయామం రెండూ ఒంట్లో కొవ్వును, నడుము చుట్టుకొలతను దాదాపు సమానంగానే తగ్గించాయి. తేడా సమయంలో ఉంది. తీవ్ర వ్యాయామానికి సుమారు 40 శాతం తక్కువ సమయం పట్టింది. ఇంకో ముఖ్యమైన విషయం, చాలామందికి నడుము తగ్గినా తూకంలో పెద్ద మార్పు రాలేదు. కాబట్టి నెల రోజులు నడిచి, తూకం ముల్లు కదల్లేదని నిరాశపడి మానేసేవారికి మా మనవి ఒక్కటే. కొలత టేపుతో నడుము చూసుకోండి.

లెక్క మన తిండితో పోల్చి చూద్దాం. 70 కిలోల మనిషి అరగంట వేగంగా నడిస్తే సుమారు 150 క్యాలరీలు ఖర్చవుతాయి. ఒక కిలో కొవ్వులో దాదాపు 7700 క్యాలరీలు ఉంటాయి. అంటే నడక ఒక్కదానితోనే కిలో కొవ్వు పోవాలంటే యాభై రోజులు పడుతుంది, అదీ తిండి పెరగకుండా ఉంటేనే. దావత్‌లో రెండోసారి వడ్డించుకున్న బిర్యానీ, సాయంత్రం చాయ్‌తో తిన్న రెండు సమోసాలు వారం నడకను తుడిచేస్తాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో అన్నం, రొట్టె వంటి ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతానికి మించకూడదని చెప్పింది. పళ్లెంలో సగానికి పైగా అన్నమే ఉండే మన అలవాటుకు ఈ మాట నేరుగా తగులుతుంది. పప్పు, గుడ్డు, చేప, ఆకుకూరల వాటా పెంచి అన్నం తగ్గించనిదే ఏ పరుగూ నడుమును తగ్గించలేదు.

ప్రమాదం ఎక్కడ ఉంది?

ఇప్పుడు భయం సంగతి. ఒకరిద్దరు ప్రముఖుల మరణాలను బట్టి వ్యాయామం మంచిదో చెడ్డదో తేల్చలేం. తేల్చగలిగిన లెక్కలు వేరే ఉన్నాయి.

1993లో అమెరికాలో గుండెపోటు వచ్చిన 1228 మందిని అడిగి, పోటుకు ముందు గంటలో వాళ్లు ఏం చేస్తున్నారో రాసుకున్నారు. తీవ్రంగా శ్రమించిన గంటలో గుండెపోటు ముప్పు మామూలు సమయం కంటే దాదాపు ఆరు రెట్లు పెరిగిందని తేలింది. ఇది సగటు లెక్క. అసలు పాఠం దాని లోపల ఉంది. వారానికి ఐదుసార్లో అంతకంటే ఎక్కువో గట్టిగా శ్రమించే అలవాటున్నవారికి ఆ ముప్పు రెండున్నర రెట్లు కూడా పెరగలేదు. వారానికి ఒక్కసారి కూడా శ్రమించని మనిషి హఠాత్తుగా గట్టిగా శ్రమిస్తే అది నూరు రెట్లు దాటింది.

ఏడాదంతా దుకాణంలో గల్లా ముందు కూర్చుని, ఆదివారం పిల్లలతో క్రికెట్ ఆడుతూ పరుగు తీసే నలభై ఐదేళ్ల మనిషిని ఒకసారి తలచుకోండి. గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చి, బొజ్జ చూసుకుని మొదటి రోజే జిమ్‌లో అరగంట ట్రెడ్‌మిల్ మీద ఉరికే మనిషిని తలచుకోండి. ప్రమాదం వాళ్లకే. శ్రమ శత్రువు కాదు, అలవాటు లేని ఒంటి మీద ఒక్కసారిగా మోపిన శ్రమే శత్రువు.

పద్ధతిగా, వైద్యుల కనుసన్నల్లో చేస్తే తీవ్ర వ్యాయామం కూడా ఎంత భద్రమో నార్వేలోనే చూపారు. గుండెజబ్బు ఉన్న 4846 మంది అక్కడి పునరావాస కేంద్రాల్లో చేసిన వ్యాయామాన్ని గంటల్లో లెక్కించి 2012లో ప్రచురించారు. మోస్తరు వ్యాయామం చేసిన 1,29,456 గంటల్లో ఒకరి గుండె ఆగింది, ఆ మనిషి బతకలేదు. తీవ్ర వ్యాయామం చేసిన 46,364 గంటల్లో ఇద్దరికి గుండె ఆగింది, ఇద్దరూ బతికారు. రెండింటిలోనూ ముప్పు తక్కువే. తీవ్ర వ్యాయామంలో కొంచెం ఎక్కువ. పైగా అక్కడ పక్కనే వైద్య సిబ్బంది ఉన్నారు. పాలకుర్తి రోడ్డు మీద మన పక్కన ఎవరుంటారన్నది మనం వేసుకోవాల్సిన ప్రశ్న.

మన ఊరి లెక్క

52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం మన ఉపఖండం గురించి 2007లో చెప్పిన మాటలు మరిచిపోలేనివి. మన ప్రాంతం వారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోంది. మిగతా దేశాల వారికి దాదాపు 59కి. ఆ అధ్యయనంలో పోలిక కోసం తీసుకున్న ఆరోగ్యవంతుల్లో క్రమంగా మోస్తరు లేదా తీవ్ర శ్రమ చేసేవారు మన దగ్గర నూటికి 6 మంది ఉంటే, మిగతా దేశాల్లో 22 మంది దాకా ఉన్నారు. ఆరేళ్ల ముందు వచ్చే గుండెపోటు అంటే బిడ్డ పెళ్లి, కొడుకు చదువు, ఇంటి అప్పు ఇంకా తీరకముందే ఇంటి యజమాని మంచాన పడడం.

"మాది ఎవుసం, రోజంతా కష్టమే, మాకెందుకు వ్యాయామం?" అని అడిగేవారున్నారు. నాగలి పట్టి, మోట కొట్టి, మైళ్లు నడిచిన తాతలకు ఆ మాట చెల్లింది. ఇప్పుడు దున్నేది ట్రాక్టరు, కోసేది హార్వెస్టరు, పొలం దాకా మోసుకుపోయేది బైకు. నేటికీ నాట్లేసే, పత్తి ఏరే ఆడకూలీలకు శ్రమ ఉంది. పొలాన్ని గట్టు మీది నుంచి చూసొచ్చే ఆసామికి లేదు.

మరో సంగతి దూరం. మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచి స్టెంట్ వేయాలంటే మన ప్రాంతం నుంచి వరంగల్‌కో హైదరాబాద్‌కో పోవాలి. గుండెపోటులో గడిచే ప్రతి నిమిషం కొంత కండరాన్ని చంపుతుంది. ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట, కారణం లేని ఆయాసం కనిపిస్తే వెంటనే వ్యాయామం ఆపి 108కి ఫోన్ చేయాలి. షుగరు ఉన్నవారికి, ఆడవారికి నొప్పి లేకుండా ఆయాసం, నీరసం, పొట్ట పైభాగంలో మంట మాత్రమే ఉండవచ్చు. "గ్యాస్ అయి ఉంటుంది" అని సోడా తాగి పడుకున్న రాత్రులు ఎన్నో ఇళ్ల దీపాలను ఆర్పాయి.

ఎలా మొదలుపెట్టాలి?

ముందుగా బీపీ, షుగరు, నడుము కొలత చూసుకోవాలి. భారతీయులకు నడుము చుట్టుకొలత మగవారిలో 90 సెంటీమీటర్లు, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటితే ముప్పు మొదలైనట్టే. మామూలు నడకకు చాలామందికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ గుండెజబ్బు, షుగరు, బీపీ ఉన్నవారు, బీడీ సిగరెట్ తాగేవారు, జర్దా గుట్కా నమిలేవారు, చిన్న వయసులో గుండెపోటు వచ్చిన కుటుంబాల వారు తీవ్ర వ్యాయామం మొదలుపెట్టే ముందు తప్పకుండా డాక్టరును కలవాలి.

మొదటి నాలుగు వారాలు నడక మాత్రమే. రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి ఐదారు నిమిషాలు పెంచుకుంటూ నెల చివరికి అరగంటకు చేరాలి. వారానికి ఐదు రోజులు.

తర్వాతి నాలుగు వారాలు అదే అరగంటలో వేగం పెంచాలి. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. వారంలో రెండు రోజులు కుర్చీలో కూర్చుని లేవడం, గోడకు చేతులానించి నెట్టడం వంటివి పది పన్నెండుసార్లు చేస్తే కండరాలకు బలం వస్తుంది.

తొమ్మిదో వారం నుంచి, ఏ ఇబ్బందీ లేనివారు, డాక్టరు సరేనన్నవారు, వారంలో రెండు రోజులు నడక మధ్యలో నాలుగు విడతలు కలుపుకోవచ్చు. ఒక నిమిషం చాలా వేగంగా, తర్వాత రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా. పరుగు పెట్టాల్సిన పని లేదు. సోమేశ్వర గుట్ట దగ్గరి దారి లాంటి ఎత్తు ఎక్కితే మోకాళ్ల మీద దెబ్బ పడకుండానే గుండెకు శ్రమ అందుతుంది. ఆ రెండు రోజుల మధ్య కనీసం ఒక రోజు విరామం ఉండాలి. ముందు పది నిమిషాలు, చివర ఐదు నిమిషాలు నెమ్మది నడక తప్పనిసరి. గట్టిగా చేసి హఠాత్తుగా నిలబడిపోతే కళ్లు తిరుగుతాయి.

ఇలా మూడు నెలలు గడిచాక నార్వే వారి నాలుగు నిమిషాల విడతల పద్ధతికి శరీరం సిద్ధమవుతుంది. అయితే ఒక్క మాట. ముందు వెనుక నెమ్మది నడకలతో కలిపి చూస్తే ఆ పద్ధతికి కూడా నలభై నిమిషాలు పడుతుంది. "పది నిమిషాల్లో పని అయిపోతుంది" అన్నది పూర్తిగా అబద్ధం కాదు. 2016లో కెనడాలో ఇరవై సెకన్ల చొప్పున మూడు విడతలు అత్యంత వేగంగా సైకిల్ తొక్కినవారికి, మొత్తం పది నిమిషాల్లోనే, 45 నిమిషాలు తొక్కినవారితో సమానంగా దారుఢ్యం పెరిగింది. కానీ వాళ్లు సగటున 27 ఏళ్ల కుర్రాళ్లు, ప్రయోగశాలలో పర్యవేక్షణలో చేశారు. యాభై ఏళ్ల బీపీ మనిషికి అది కొలమానం కాదు.

వైశాఖ, జ్యేష్ఠ మాసాల ఎండల్లో సూర్యుడు రాకముందే ముగించాలి. రంజాన్ నెలలో నడక మానాల్సిన పని లేదు. పగటిపూట నీళ్లు తాగరు కాబట్టి ఆ నెల తీవ్ర వ్యాయామం పక్కన పెట్టి, ఇఫ్తార్ అయిన గంట తర్వాతో, తరావీహ్ ముగిశాకో తేలికగా నడిస్తే చాలు. షుగరుకు ఇన్సులిన్, మాత్రలు వాడేవారు ఆ నెలకు ముందే మోతాదు గురించి డాక్టరును అడగాలి.

మన ఆడవారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. రోడ్డు మీద నడవడానికి జంకే అమ్మలు, అక్కలు, చెల్లెళ్లు ఎందరో ఉన్నారు. ఇంటి పని చేస్తున్నాం కదా అంటారు. అంట్లు తోమడం, వంట చేయడం శ్రమే, కానీ గుండె వేగాన్ని అరగంటపాటు పెంచి ఉంచవు. డాబా మీద అటూ ఇటూ నడవడం, ఇంట్లో ఒకే మెట్టు ఎక్కి దిగడం కూడా నడకతో సమానమే. నలుగురు కలిసి నడిస్తే జంకు పోతుంది, క్రమం తప్పదు.

దాతలకు ఒక మనవి

ఊరికి ఏదైనా చేయాలనుకునే దాతకు మొదట జిమ్ గుర్తుకొస్తుంది. ఆ ఆలోచన మంచిదే. గ్రామ క్రీడా ప్రాంగణాలు వచ్చాయి, ఉద్యోగాలకు సిద్ధమయ్యే పిల్లలకు అవి ఆసరా. కానీ పైన చెప్పిన లెక్కలన్నీ ఒకే దిక్కు చూపుతున్నాయి. నలభై దాటినవారికి యంత్రం కంటే ముందు కావలసింది తమ బీపీ ఎంతో తెలియడం, క్రమంగా నడవడానికి ఒక చోటు, నడిపించే ఒక తోడు. ఒక ట్రెడ్‌మిల్ ఖరీదుకు డజన్లకొద్దీ బీపీ మిషన్లు వస్తాయి. దీపాలు వెలిగే ఒక నడక దారి, ఆడవారికి విడిగా ఒక ప్రాంగణం, షుగరు పరీక్ష స్ట్రిప్పులు, ఊరి యువకులకు గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే శిక్షణ, ఇవన్నీ చిన్న మొత్తాలతోనే జరిగే పనులు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతుకు నొక్కడం నేర్చిన యువకుడు ఒక్కో గల్లీకి ఒకడున్నా, 108 వచ్చేలోగా ఒక ప్రాణం నిలిచే ఆశ ఉంటుంది. ఈవెంట్స్ కోసం పరిగెత్తే పిల్లలే ఆ శిక్షణకు తగినవారు.

దానం ఎదుటివారికే అన్న భావన మనలో బలంగా ఉంది. దాతలలో ఎక్కువమంది నలభై, యాభై, అరవై ఏళ్ల వయసువారే. దుకాణం, ఆఫీసు, బండి, ఇల్లు అన్నదే మీ దినచర్య. మీ చేయి నిలిస్తేనే ఎందరో పిల్లల ఫీజులు, వితంతువుల నెల ఖర్చులు, రోగుల మందులు సాగుతాయి. అందుకే మీ గుండె మీ ఒక్కరిదే కాదని చెప్పడానికి మేము సంకోచించడం లేదు.

నడకా, పరుగా అన్న ప్రశ్నకు మా జవాబు ఇది. ఈ రోజు నడకతో మొదలుపెట్టండి. మూడు నెలలు ఆపకండి. ఒళ్లు సిద్ధమయ్యాక, డాక్టరు ఒప్పుకుంటే, అందులో కొన్ని నిమిషాల వేగం కలపండి. వచ్చే ఏడాది కూడా మీరు చేస్తూ ఉండగలిగేదే మీకు మేలైన వ్యాయామం. రేపు పొద్దున్నే పక్కింటి వారిని కూడా పిలవండి.